పడవకి కొలతలు

“కూర్చో మేస్త్రీ, కూర్చో. ఇవాళ కుట్టుమిషను ముట్టను. పడవ చూసుకోడానికి ఒకాయన వస్తానన్నాడు, ఆయన కోసమే ఈ టీ కొట్టు దగ్గర కాపలా,” అన్నాడు మా వీధి టైలరు. “అమ్మేస్తున్నా. పైసా తగ్గను, కానీ ఇవాళే అమ్మేస్తా. బేరం కుదరకపోతే ఆ పడవలోనే కాపురం పెట్టుకోమని మా ఆవిడ తేల్చి చెప్పేసింది. అలిసిపోయానయ్యా.

పడవ కొనడానికేముంది, ఎవడైనా కొంటాడు. దాన్ని ఏడాది పొడుగునా మేపాలి చూడు, అక్కడుంది అసలు సంగతి. మొదటి ఏడు ఏముందిలే, అడుగున పట్టిన నాచు గీకించి, రెండు డబ్బాల రంగు వేయించి, మా తోడల్లుడి షెడ్డులో పెట్టా. సొంత తోడల్లుడే, అద్దె మాత్రం ముందే పుచ్చుకున్నాడు. దుమ్ము పడకుండా టార్పాలిన్ గుడ్డతో నేనే ఒక కవరు కుట్టా. ముక్కు నుంచి తోక దాకా టేపు పెట్టి కొలిచి మరీ కుట్టా. రెండో ఏడు వానలు వెళ్ళాక అదే కవరు తొడగబోతే ఏమైందో తెలుసా? నడుం దగ్గర పట్టలేదు!”

“కవరు కుంచించుకుపోయుంటుంది,” అన్నాడు తాపీ మేస్త్రి.

“ముప్పై ఏళ్ళుగా కుడుతున్నా, నాకు చెప్తావా? చెక్క నీళ్ళు తాగి ఒళ్ళు చేసింది. సరే, కుట్లు విప్పి వదులు చేశా. మూడో ఏడు మళ్ళీ బిగుతు. పడవ పెరిగితే రంగూ పెరుగుతుందా లేదా? రెండు డబ్బాలు కాస్తా రెండు బండ్లయ్యాయి. నాలుగో ఏడు దాని ముక్కు షెడ్డు గోడ పొడుచుకుని పక్కింటి హాల్లోకి వెళ్ళింది. ఆ పక్కింటావిడ దానిమీద బట్టలు ఆరేసుకుంటూనే ముక్కుకి వేరే అద్దె కట్టమంది. కట్టా! ఏం చేస్తాను, అలిసిపోయాను.”

“కోత బాగానే ఉంది టైలరన్నా, కొలతలే కుదర్లేదు,” అన్నాడు టీ కొట్టాయన. బల్ల చివర కూర్చుని టీ ఊదుకుంటున్న ఒక కొత్త మనిషి నవ్వాడు.

“టేపు అబద్ధం చెప్తుందా? ఆ తర్వాత విను. పోయినేడు వరదకి పడవ తేలింది. ఊరికే తేలిందా? షెడ్డుని నెత్తిన పెట్టుకుని తేలింది. లోపల మా తోడల్లుడు. నడి ఏట్లో పోతూ కూడా, ఒకటో తారీఖు కాగానే కిటికీలోంచి తల బయటపెట్టి అద్దె అడిగాడయ్యా! గట్టు వెంట పరిగెత్తి ఇచ్చా. రేవు ఆఫీసువాళ్ళు ఊరుకున్నారా? షెడ్డు కూడా తేలుతోంది కాబట్టి అదీ పడవే, దానికీ లైసెన్సు కట్టమన్నారు. అదీ కట్టా!”

“ఇంతకీ నువ్వెన్నిసార్లు ఎక్కావు దాన్ని?” అన్నాడు మేస్త్రి.

టైలరు మెళ్ళో టేపు సవరించుకున్నాడు.

“ఎక్కలేదయ్యా. సాయంత్రాలు పిల్లల్ని కూచోబెట్టుకుని అలా తిప్పుదామనే కొన్నా. దాని ఖర్చుల కోసం రాత్రింబగళ్ళు కుడుతూ కూచుంటే ఇక సాయంత్రమెక్కడిది? పిల్లలు పెద్దాళ్ళైపోయారు. నిజంగానే అలిసిపోయా.”

కొత్త మనిషి గ్లాసు కింద పెట్టాడు. “పడవ కోసం వచ్చింది నేనేనండీ.”

టైలరు ఉలిక్కిపడి లేచాడు. “అయ్యయ్యో, అదంతా సరదాకి అన్నానండీ! ఖర్చే లేదు దానికి. చెప్పినచోట నోరెత్తకుండా పడుంటుంది. నడుం కొలత కూడా కొన్ననాటిదే!”

“తెలుసండీ. పొద్దున్నే షెడ్డుకెళ్ళి చూసే వచ్చా. మీ కవరు చక్కగా పట్టింది. మీరు చెప్పినవాటిల్లో నేను నమ్మింది ఒకటే. అలిసిపోయానన్నారు చూడండి, అది. అలిసిపోయినాయన బేరమాడడు కదా, సగానికిచ్చేయండి.”

టైలరు నోరు తెరిచాడు. పైసా తగ్గనన్న మాట మాకందరికీ గుర్తుంది. అందరం ఆయన మొహం వంకే చూశాం.

“ఇవాళే తీసుకుపోతారా?” అన్నాడు.