తెర ఆరిపోయాక

మిల్లులో మోటారు వేగాన్ని అదుపు చేసే కొత్త డ్రైవ్ పెట్టె మూతను బావమరిది విప్పుతున్నాడు. పక్కనే బావ మీటరు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇన్‌చార్జి గారికి స్క్రూడ్రైవర్ కూడా నేనే అందించాలా?"

"ఎందుకు బావా ఆ ఎత్తిపొడుపు? పోస్టు నేను అడిగానా?"

"అడక్కుండానే వచ్చింది. పని నేర్పింది మాత్రం నేను. నిన్న మీ అక్క నీ గొప్పే చెబుతుంటే నాకు అన్నం సహించలేదు."

"సరేలే. మెయిన్ స్విచ్ దించి తాళం వేశాను. పెట్టె మీది తెర కూడా ఆరిపోయింది. ఇంక భయం లేదు."

బావ నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. బావమరిది చెయ్యి లోపలి రాగి పట్టీల దగ్గరికి వెళ్లింది.

"చెయ్యి తియ్యరా."

"కరెంటు లేదుగా?"

"ఇది పాత స్టార్టరు కాదు. కరెంటు తీసినా కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. పది నిమిషాలు ఆగాలి."

బావ మీటరు పుల్లలను పట్టీలకు ఆనించాడు.

"నాలుగొందల ఎనభై వోల్టులా!"

బావమరిది వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు.

"మూత విప్పుతున్నప్పుడే చెప్పొచ్చు కదా బావా?"

"చెప్పొచ్చు."

"మరి?"

"నీకు తెలియనిది ఒకటి నాకు తెలుసని, కాసేపు బాగుందిరా."