కుర్మయ్య బండికి నంబరు ఎందుకు లేదంటె

కూసో బిడ్డా, గా బల్ల మీద కూసో. ఎండల వంగి బండి కింద తలకాయ పెట్టి ఎంత దేవులాడినా నంబరు దొర్కదు. తుక్కు కొనే కబాడాయన ఏమన్నడు, ఛాసీ మీద నంబరు లేకుంటె తీస్కోనన్నడా? అంటడు మరి, ఆయ్న భయం ఆయ్నది. చెప్త, చెప్త. జర నీళ్లన్న తాగు ముందుగాల. మీ తాత పోయిననాడు నువ్ గింతంత ఉంటివి మనీషా, ఎవరి ఒళ్లె కూసోవెడ్తె వాళ్ల ఒళ్లె కూసుంటివి. తెలంగాణ వచ్చిన ముందటేడు గద కుర్మన్న పోయింది. ఎన్నేండ్లాయె.

ఆయ్నకు గీ బండి ఎట్లొచ్చిందో ఎర్కేనా? ముప్పై యేండ్లు పటేలు ద్రాక్ష తోటల డ్రైవరు మీ తాత. గప్పుడు శంషాబాద్ సుట్టుపట్ల ఏడ సూసినా ద్రాక్ష పందిర్లే ఉంటుండె. ఇప్పటి పోరగాండ్లకు చెప్తె నవ్వుతరు, గీడ ద్రాక్షేందని. జీపు మొకం, ఎనక తొట్టి, గదే గీ బండి. పండ్ల డబ్బలు ఏస్కొని పట్నం పోయేది. తోలేది మీ తాత, బండి పటేలుది. తోట అమ్ముడువోయింది, ఇమానాలు దిగుడు షురువైంది, పటేలు పోతపోత "కుర్మయ్యా, ఇది ఇగ నడ్వది, నువ్వే తీస్కపో" అని కాగితాల మీద సంతకం పెట్టిచ్చిండు. తొట్టి అడుగంత జంగు, తుప్పు తిని బొక్కలు. సీట్ల ఎలుకలు పిల్లల్ని వెట్టినయి. ఎడ్లు కట్టి గుంజుకొచ్చిండు ఇంటికి. మంఖాల్ ఊరంత బయటికొచ్చి సూసింది. మీ నానమ్మ లచ్చమ్మ వదినె ఊకుంటదా? "తెచ్చినవ్ గని దీన్ని ఏడ పండవెడ్తవ్, నా మంచం మీదనా?" అన్నది. మీ తాత నవ్వలే. "ముప్పై యేండ్లు మంది బండి తోలిన లచ్చీ. ఒక్కపారన్న నా పేరు మీదున్న బండి రోడ్డు మీద తోల్త" అన్నడు. గంతే గాయ్న ఆశ. పెద్ద పెద్ద ఆశలేం లేవు.

గా యేడే మా ఇంటామె భారతమ్మ పోయింది. మూడు దినాల జరం, అంతే. తుక్కుగూడ రోడ్డు మీద నా వెల్డింగ్ దుకాణం ఉంటుండె, గేట్లు, కిటికీలు చేస్తుంటి. షట్టరు దించిన, మల్ల లేపలే. ఇంట్ల గోడకు మొకం పెట్టి పండుకునుడే. పెడ్తె తిన్న, లేకుంటె లే. ఒకనాడు మీ తాత వచ్చి దుప్పటి గుంజిండు. "ల్యావ్ బాలమల్లూ, మిషిన్ తీస్కొని రా, తొట్టి చెయ్యాలె." నాతోని కాదన్నా, వేరేటోణ్ని సూసుకో అన్న. "వేరేటోడు పైసలడుగుతడు. నువ్ అడగవ్" అన్నడు. సూడు, గసొంటి మనిషి. నవ్వొచ్చింది నాకు. ఎన్ని దినాలకో వచ్చింది నవ్వు.

ఇగ షురువు జేసినం. పైసల్లేవు గద, ఏది ఏడ పడేస్తె అది తెచ్చుడే. తోటల పందిర్లు పీకేసినంక ఇనుప యాంగ్లర్లు కుప్ప పోసుండె, అవి తెచ్చి తొట్టికి చౌకట్టు కట్టిన. రాజేంద్రనగర్ల ఒక షెడ్డు ఎనక పడున్న జీపు ఇంజను దించి దీనికి ఎక్కిచ్చినం. సీటు తుక్కుకు పోయిన బస్సుది. అద్దం ఆటోది. మీ తాత దానికి పెట్టిన అద్దంల మొకం సూస్కొని మీసం దువ్వేది. ముసలోడే గని షోకు తక్వ లేకుండె.

ఇగ గా బేస్తవారం. మీ తాత లైట్లు దొర్కుతయేమో అని జుమ్మెరాత్ బజారుకు పోయిండు. నేనొక్కణ్నే ఉన్న. అడుగున రెండు పొడుగు ఇనుప కమ్మెలుంటయి సూడు, బండి మొత్తం వాటి మీదనె నిలవడ్తది, అదే ఛాసీ. ఆయ్న వచ్చేసరికి దాన్ని సాఫ్ జేసి సూపెట్టాలె అనుకున్న. ముందట కుడిదిక్కు ఒక్క జాగల ఇంత మందాన గడ్డ కట్టుంది. నల్లగ, ఎర్రగ, జిడ్డు జిడ్డు. జంగు పేరుకున్నదనుకున్న. గ్రైండర్ పెట్టిన. గది జంగు కాదు బిడ్డా. కుంకుమ. మీ తాతకు బండి నేర్పిన ఉస్తాద్ చెప్పిండంట, బండికి నంబరే నొసలు, దసరకు బొట్టు ఆడనె పెట్టాలె అని. ముప్పై దసరలు నూనె రాసుడు, ఛాసీ మీద కొట్టిన గా నంబరు మీదనె బొట్టు పెట్టుడు. బొట్టు మీద దుమ్ము, దుమ్ము మీద మల్ల బొట్టు. నాకేం ఎర్క? నున్నగ అయ్యేదాక గీకిన. చెయ్యి పెడ్తె జారేటట్టు చేసిన. మస్తు ఖుషైన గూడ, ఇన్నాళ్లకు నా చెయ్యి నాకొచ్చిందని.

పొద్దుమూకంగ వచ్చిండు. లైట్లు కింద పెట్టి వంగి సూసిండు. గా జాగల ఏలు పెట్టి అటు జరిపిండు, ఇటు జరిపిండు. "మంచిగ నున్నగ చేసినవ్ బాలమల్లూ" అన్నడు. లోపటికి పోయి నీళ్లు తాగొచ్చి, ఎర్ర రంగు డబ్బ తీసి ఆయ్ననె పూసిండు. నేను మెచ్చుకున్నడనుకున్న.

గా తర్వాత మూడు నెలలు సతాయించిండు నన్ను. మీ నానమ్మ మోకాళ్లు లేస్తలేకుండె గద, ఎక్కనీకె కిందికి ఒక మెట్టు చెయ్యమన్నడు. చేసిన. ఎత్తున్నది, మల్ల చెయ్యన్నడు. చేసిన. ఇప్పుడు కిందికైంది, రాయి తగుల్తదన్నడు. ఎనక తలుపు మూడుపార్లు ఇప్పిచ్చిండు. సామాన్ల పెట్టె ఒకటి, దానికి మూత ఒకటి, మూతకు గొళ్లెం ఒకటి. "నీకు బండి కావాలెనా, పెండ్లి కావాలెనా?" అని తిట్టిన గూడ. పొద్దుగాల ల్యావంగనె ఇయ్యాల ఏం వంక పెడ్తడో అనుకుంట వచ్చేది. చాయ్ ఈడనె, బువ్వ ఈడనె.

ఇగ తయారైంది, ఆర్టీవో ఆఫీసుకు పాసింగ్‌కు తీస్కపోయినం. సారు మంచోడే, మొత్తం తిరిగి సూసి, "పెద్దాయనా, కొత్త దానిలెక్క చేసినవ్" అన్నడు. టార్చి పట్టి వంగిండు. నంబరేది అన్నడు. ఇంజను నంబరు సూస్తె అది వేరే బండిది. "ఎవరు గీకిండ్రయ్యా? చోరీ బండ్లకు గిట్ల గీకుతరు" అన్నడు. ఆయ్న తప్పేం లేదు, ఎవరైనా గట్లనె అంటరు. నేను పక్కకే ఉన్న. గప్పుడు అర్థమైంది నాకు, నేను నున్నగ గీకిన జాగ గదే అని. నోరు తెరుద్దమనుకున్న. మీ తాత నాకంటె ముందుగాల, "నేనే గీకిన సార్. సదువు లేదు, జంగనుకున్న" అన్నడు. సదువు లేదంట! ముప్పై యేండ్లు గా నంబరు ఏలుతోని సదివిన మనిషి.

కొత్త నంబరు కొట్టియ్యాలంటె పోలీసు కాగితమన్నరు, ఇంకేదో కాగితమన్నరు. రెండుపార్లు తిరిగిండు, ఊకున్నడు. బండి ఇంటికెల్లి చెల్కదాక, చెల్క కాడికెల్లి ఇంటిదాక. మేత ఏస్కొని వచ్చేది. డాంబరు రోడ్డు ఎక్కలే. ఊర్ల మందికి నవ్వులాటైంది. నంబరు గీకిన కుర్మయ్య అని పేరు వెట్టిండ్రు. చాయ్ హోటల్ల నా ముందట్నె అనేది. నేను గ్లాసు దిక్కు సూస్కుంట కూసుండేది.

మీ తాత దినాల నాడు మీ నానమ్మ కాళ్ల మీద పడ్డ. "వదినె, గీకింది నేను" అన్న. మీ నానమ్మ ఏడుస్తలేదు. "గా బేస్తవారం నాడే చెప్పిండు తమ్మీ" అన్నది. "'ఇగ బండి పాస్ గాదు లచ్చీ, కని బాలమల్లుకు చెప్పకు, చెప్తె రేపటి సంది రాడు, పోయి మల్ల గోడకు మొకం పెట్టి పండుకుంటడు, ఇంకా ఏమేం పనులున్నయో సూద్దాం' అన్నడు మీ అన్న" అన్నది.

...

లేదు బిడ్డా, ఏడుస్తలే. కండ్లు గట్లనె కారుతయి ఈ నడుమ, వెల్డింగ్ చేసిన కండ్లు.

అమ్ముతవో ఉంచుకుంటవో నీ ఇష్టం. కబాడాయన అడిగితె మాత్రం మా తాత గీకిండని చెప్పకు. తుక్కుగూడ వెల్డింగ్ బాలమల్లు గీకిండని చెప్పు. ఊర్లె అడిగినా గదే చెప్పు. నేను గూడ పొద్దుగాల పోయి చాయ్ హోటల్ల చెప్త.

జర గా గేటు దగ్గరికెయ్యి, మేకలొస్తున్నయ్.