కిరణం వంగిన చోటు

కాదక్కా, నేను అలిగి ఉద్యోగం మానేస్తున్నానని మీ ఆయన చెబితే నమ్మేశావా? మానేయడం నిజమే. అలగడానికి నేనేమైనా చిన్నపిల్లనా? ఆ బట్టలు తర్వాత మడత పెడుదువుగాని, ముందిలా కూర్చో.

నా పనేంటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు కదూ. ఉంగరంలాంటి పెద్ద ఉక్కు గొట్టంలో ప్లాస్మా అని, కరెంటు పారే వాయువు ఉంటుంది. నిప్పుకి తాతలాంటి వేడి. లోపల ఎక్కడ ఎంత వోల్టేజి ఉందో తెలియాలి. తీగ దూరిస్తే ఆవిరైపోతుంది. అందుకని బరువైన అయాన్లని, అంటే కరెంటు ఎక్కిన పరమాణువులని, సన్నటి కిరణంలా లోపలికి కొడతాను. దారిలో కొన్ని ఒక ఎలక్ట్రాన్‌ని పోగొట్టుకుని అటువైపు బయటికొస్తాయి. వాటి శక్తి ఎంత మారిందో చూస్తే, ఎలక్ట్రాన్ పోయిన చోట వోల్టేజి ఎంతో తెలిసిపోతుంది.

మరి ఆ చోటెక్కడ? అయస్కాంతాలు కిరణాన్ని వంచుతాయి. అవెక్కడున్నాయో కచ్చితంగా తెలిస్తేనే కిరణం ఎటు వంగిందో లెక్క కట్టగలను. ఆ అయస్కాంతాలు చూసేది బావే.

వేసవిలో రిపేరు చేసి బిగించేటప్పుడు ఒక అయస్కాంతపు కాయిల్ వేలి మందం పక్కకి జరిగిందట. బావకి తెలుసు. విప్పితే మెషిను నెలల తరబడి ఆగిపోతుందని, తన మాట పోతుందని నోరు మెదపలేదు. పోనీ, నాకైనా చెప్పాలా వద్దా? ఒక్క ముక్క చెబితే నా లెక్క నేను సరిచేసుకునేదాన్ని కదా.

మొన్న సదస్సులో అంతమంది ముందు నిలబడి, ఇది ప్లాస్మా నడిమధ్య వోల్టేజి అన్నాను. బయటి ల్యాబు నుంచి వచ్చినావిడ లేచి, మర్యాదగానే, అక్కడ ఆ అంకె రావడం అసాధ్యమంది. మా అయస్కాంతాలు వెంట్రుకవాసి కూడా కదలవని బల్లగుద్ది వాదించాను. ముందు వరసలో బావ కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోంచి పోలేదు.

అనుమానమొచ్చి నిన్న బావని నిలదీశాను. దాచలేదు. "ఇంట్లో మనిషివి, సర్దుకుంటావనుకున్నాను" అన్నాడు.

నా అంకె తప్పు కాదక్కా. చోటే తప్పు. కాయిల్ జరిగిందనుకుని మళ్ళీ లెక్క కట్టాను. అది నడిమధ్యది కాదు, అంచుది. అక్కడ అతికినట్టు సరిపోయింది.

ఏంటలా తల దించుకున్నావు?

నీకు తెలుసా?

ఎప్పట్నుంచి?

నేను మాట్లాడక ముందే... అంటే ఆ పొద్దున నా కాలరు సర్ది, భయపడకే అని భుజం తట్టి పంపినప్పుడు కూడా తెలుసన్నమాట.

ఏడవకు. నేను ఇందాకే డైరెక్టరుకి అంతా చెప్పేసి వచ్చాను. బావ పేరుతో సహా. ముందు నీకే చెప్పాలని బయల్దేరాను. నీ మొహం చూస్తే చెప్పలేనని అటు మళ్ళాను. అక్క సంసారంలో నిప్పులు పోశానే అని దారిపొడుగునా కుమిలిపోయాను కూడా.

ఇప్పుడా బాధ లేదులే. బావ వచ్చే వేళైంది. ఈ సంగతి నువ్వే చెప్పు. చెప్పకపోయినా సరే, అదీ నీకు అలవాటేగా.