వంతెన కింద సర్వే రాయి

పాత సర్వే రాళ్లు వెతకడం సరదా అయిన అన్నయ్య, బతికుండగా దొరకలేదన్న ఒకే ఒక్క రాయి కోసం, ఆయన పటం పట్టుకుని వదినా మరిదీ వంతెన కింద వెతుకుతున్నారు.

“వదినా, దొరికింది! బాణం గుర్తు కూడా ఉంది.”

“దాని పక్కన రాళ్ల సందులో ఏమిటది?”

“పాత టూత్‌బ్రష్షు. నాచు తోమడానికేమో.”

“ఇలా ఇవ్వు. పిడికి ఈ ఎర్రదారం చుట్టింది నేనే. నిరుడు ఎక్కడో పారేసుకున్నానన్నారు మీ అన్నయ్య.”

“అంటే అన్నయ్యకి ఈ రాయి నిరుడే దొరికిందా?”

“ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని వెతికారే! నాకేం అర్థం కావడం లేదు.”

“ఈ రాయి దొరికేదాకే వస్తానని షరతు పెట్టింది నువ్వేగా.”

“సరదాకి అన్నానయ్యా. దొరికిందని చెబితే మానేసేదాన్నా ఏమిటి? ... ఏమో, మానేసేదాన్నేమో.”

“పటంలో దొరికినట్టు గుర్తు పెట్టెయ్యనా?”

“వద్దు. ఇదిగో, ఈ బ్రష్షు ఎక్కడిదక్కడ పెట్టెయ్యి. వచ్చే ఆదివారం అవతలి గట్టున వెతుకుదాం.”