తొమ్మిదో పిల్ల

దగ్గరికి జరిగి కూర్చోండి, కాళ్లు ముడుచుకుంటే అందరికీ చోటు సరిపోతుంది. ఇప్పుడు చెప్పబోయే మాటలు అబిడ్స్‌లో ఒక బడి స్టాఫ్‌రూములో పుట్టినవి. బల్ల వెనక తెలుగు టీచరు డోర్కాస్, బల్ల మీద ట్యాబ్. ఎదురుగా ఇద్దరు ముసలమ్మలు: ఏడో తరగతి హైందవి నాయనమ్మ ఒకరు, పక్క సెక్షన్ జెర్లిన్ అమ్మమ్మ ఒకరు. ఒకరి పేరు ఒకరికి ఎవరూ చెప్పలేదు. మనవరాళ్లిద్దరూ బయట వరండాలో ఉన్నారు. అప్పటికే గొంతులు లేచాయి.

"జీరో ఎందుకేశావో చెప్పమంటున్నాను టీచరమ్మా, కుర్చీ చూపించమని కాదు."

"కూర్చుంటే చెప్తానండీ నాయనమ్మగారూ. జర గొంతు తగ్గించండి, పక్కన మ్యాథ్స్ క్లాసు నడుస్తోంది."

"విననీ. నా మనవరాల్ని దొంగ అన్నప్పుడు నలభై మంది వినలేదూ?"

"దొంగ అని నేననలేదు. కాపీ అన్నాను."

"మా ఇంట్లో రెండూ ఒకటే. మొన్నటి నుంచి పిల్లకి ముద్ద దిగట్లేదు. పుస్తకాల సంచి మంచం కిందికి తోసేసింది. ఇక బడికి వెళ్లనే వెళ్లనంటోంది. ఉస్మాన్‌గంజ్ నుంచి ఇక్కడిదాకా చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చాను ఇవాళ."

"తప్పు చేసినంక సిగ్గనిపియ్యదా మరి? గంతే."

"మధ్యలో మీరెవరండీ?"

"నేనా? జెర్లిన్ అమ్మమ్మను. మీ పిల్ల ఎవల కథ ఎత్తుకపోయిందో, గా పిల్ల అమ్మమ్మను."

"చూశావా టీచరమ్మా! నా కథని ఈవిడ మనవరాలు ఎత్తుకుపోయి, పైపెచ్చు..."

"ఏమన్నవ్? మళ్ల అను."

"ఆంటీ, ప్లీజ్. నాయనమ్మగారూ, మీరూ."

"ఓహో. ఆవిడ ఆంటీ, నేను నాయనమ్మగారూనా. తెలిసిందిలే వరస."

"వరస కాదండీ, ఒకే చర్చికి పోతాం. దానికీ మార్కులకీ సంబంధం లేదు. నన్ను చెప్పనిస్తారా? తెలుగులో ఒక ప్రాజెక్ట్ ఇచ్చాను. ఇంట్లో పెద్దవాళ్లతో ఒక కథ చెప్పించుకోవాలి, ఫోన్లో రికార్డు చెయ్యాలి, విని సొంతంగా రాయాలి. రెండూ బడి ట్యాబులో పెట్టాలి. మా దగ్గరున్నవి పన్నెండే ట్యాబులు. పొద్దున ఏ సెక్షన్, లంచ్ తరవాత బీ సెక్షన్. జెర్లిన్, హైందవి ఇద్దరిదీ ఏడో నంబరు ట్యాబే."

"అయితే?"

"జెర్లిన్ సోమవారం పెట్టింది. పేజీ మూయకుండా లేచిపోయింది. మధ్యాహ్నం అదే ట్యాబ్ హైందవి చేతికొచ్చింది. బుధవారం హైందవి కథ పెట్టింది. అదే కథ. అదే బడి, అదే పంతులమ్మ, అవే మాటలు."

"అందులో నా గొంతుంది కదే తల్లీ! పిల్ల రాసిందంటావు సరే, గొంతు కూడా కాపీ కొడతారా?"

"చదివింది ఇంటికెళ్లి చెప్పి, మీతో చెప్పించి ఉండొచ్చు కదండీ."

"మనవరాలి కథని నేను చిలకలా వల్లించానా! ఈ నోటితో ఎన్ని కథలు చెప్పానో లెక్కుందా నీకు? గౌలిగూడ బస్టాండు కథ, మా ఆడపడుచు పెళ్లిలో కరెంటు పోయిన కథ..."

"మాటలకేం కొదవ. ఆంధ్రోళ్లు గద."

"అరవై ఎనిమిదేళ్లయిందండీ మా నాన్న ఉద్యోగానికని ఇక్కడికొచ్చి. నేను చంకబిడ్డని. ఇంకా ఆంధ్రోళ్లమేనా? ఇంకెన్నేళ్లు మూసీ నీళ్లు తాగాలి?"

"గిప్పుడు గదెందుకు? కథ ఎవలదో గది తేల్చుండ్రి."

"అదే నేనూ అడుగుతున్నది. కథలు రెండూ ఒకటైతే, నా పిల్ల ఒక్కదానికే సున్నా ఏమిటి?"

"అడిగాను కాబట్టి. ఇద్దర్నీ క్లాసు ముందు నిలబెట్టి అడిగాను. జెర్లిన్ నిమ్మళంగా 'మా అమ్మమ్మ చెప్పింది మిస్' అంది. హైందవి ఏడ్చేసింది."

"ఏడ్చింది కాబట్టి దొంగ."

"నాయనమ్మగారూ..."

"కాదు, సరిగ్గా విన్నానా అని అడుగుతున్నాను. ఏడ్చింది, కాబట్టి, దొంగ. అంతేనా?"

"ఉట్టిగ ఎందుకేడుస్తది పిల్ల? ముప్పయి రెండేండ్లు పాఠాలు చెప్పిన నేను. మొఖం చూస్తే తెల్వదా?"

"మీరు టీచరా?"

"హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన. మీరెంతదాంక చదివిన్రు?"

"మూడో తరగతి. అదీ సగం."

"గదే మరి. మూడు సగం చదివినోళ్ల నోట్లకెల్లి గిసుంటి కథ యాడికెల్లి వస్తది?"

"చదువుకున్నవాళ్ల కథలు పుస్తకాల్లో ఉంటాయమ్మా. మా కథలు ఒంటి మీద ఉంటాయి. వాతల్లాగా."

"ఇద్దరూ ఆపండి. రెండున్నరకి నేను హెడ్‌మిస్ట్రెస్‌కి రిపోర్టివ్వాలి. హైందవి ఒక సారీ లెటర్ రాసిస్తే జీరోతో ఆగిపోతుంది. లేకపోతే పేరెంట్స్‌ని పిలుస్తారు, రికార్డులో ఎక్కుతుంది."

"రాయదు."

"రాసియ్యమనుండ్రి, అయిపోతది. నాకు బయట ఆటో ఆగున్నది."

"రాయదన్నానా? ఇవాళ ఆ కాగితం మీద సంతకం పెట్టిందంటే నా మనవరాలు రేపట్నించి ఏ బడికీ వెళ్లదు. నాకు తెలుసు. ఒక పిల్ల అలా ఆగిపోవడం నేను చూశాను. టీచరమ్మా, నువ్వు రెండు కథలూ మొత్తం విన్నావా?"

"జెర్లిన్‌ది మొత్తం విన్నాను. హైందవిది... సగం. డెబ్బై ఆరు ఫైళ్లండీ, రెండు సెక్షన్లకి నేనొక్కదాన్నే."

"సగం విని సున్నా వేశావా! పెట్టు. ఇప్పుడు పెట్టు. ఈవిడ కూడా వింటుంది."

"నేనెందుకు? ఆటో..."

"ఆటో ఎక్కడికీ పోదు. కూర్చోండి."

"సరే. ఇది హైందవి ఫైలు. మీ గొంతే, వినండి."

"'దగ్గరికి రావే హైందవీ. ఆ ఫోను కింద పెట్టు... ఓ, దాంట్లోనే చెప్పాలా? సరే. నాంపల్లిలో ఒక బడి ఉండేదే, ఇప్పుడక్కడ దుకాణాలొచ్చాయి. మూడో తరగతి తెలుగు పంతులమ్మకి కళ్లజోడుండేది. ఒక పక్క పుల్ల విరిగితే నల్లదారం కట్టుకుంది. ఆ రోజు పద్యం ఒప్పచెప్పాలి. రాకపోతే అరచేతులు వాచిపోతాయి. పద్యం రాని పిల్ల ఎవరో కళ్లజోడు దాచేసింది...'"

"చాలు. ఆపు డోర్కాసూ."

"ఇప్పుడే కదా ఆంటీ మొదలైంది?"

"చాలంటున్న గద. నాకు చెవుల నొప్పి."

"ఇందాకటిదాకా బాగానే ఉన్నాయే చెవులు. పోనివ్వు టీచరమ్మా."

"'...పంతులమ్మ ఏమందో తెలుసా? కళ్లజోడు పోతే పోయింది, నాకు చెవులున్నాయి, దొంగ గుండె చప్పుడు నేను వింటానంది. అందర్నీ గోడవారన నిలబెట్టి, వంగి వంగి ఒక్కొక్కళ్ల గుండెకి చెవి ఆనించింది. తొమ్మిదో పిల్ల గుండె దడదడలాడిపోయింది. ఉత్త భయమే, ఇంకేం లేదు. ఇదే దొంగ అంది పంతులమ్మ. అక్కడితో వెతకడం ఆపేసింది. ఆ సాయంత్రం పిల్ల తండ్రిని పిలిచి పలకాబలపం చేతికిచ్చేసింది. తలవంపులని తండ్రి ఇంకే బళ్లోనూ వెయ్యలేదు. కళ్లజోడు ఏమైందో ఎవరికీ తెలీదే. ఇప్పటిదాకా తెలీదు.'"

"అయిపోయింది. ఇదే ఫైలు."

"ఇప్పుడు ఆవిడది పెట్టు."

"ఎందుకు? ఒకటే గద రెండు. మీరే అన్నరు గద ఒకటే అని."

"అన్నాను. విని అనలేదుగా. పెట్టు తల్లీ."

"డోర్కాసూ, ఇను నా మాట. పిల్లలు గద, ఇద్దరికీ మార్కులిచ్చెయ్. జెర్లిన్‌కి తక్కువిచ్చినా నేనేమనను. గా జీరో కొట్టెయ్. లెటర్ గిటర్ ఏమొద్దు."

"ఇప్పటిదాకా రాయాల్సిందే అన్నారు కదా ఆంటీ?"

"అన్న. తప్పాయె. నడువుండ్రి, పోదాం."

"నేను కదలను. టీచరమ్మా, నొక్కు."

"'...ఇగ గట్ల ఒకరెన్కొకరి గుండె ఇనుకుంట వచ్చింది బిడ్డా. తొమ్మిదో పిల్ల కాడ ఆగింది. గా పిల్ల గుండె గట్టిగనే కొట్టుకున్నదట. కానీ వరుస ఆఖరుకు ఇంకో పిల్ల ఉండె. మెదక్ దిక్కుకెల్లి వచ్చి హాస్టల్ల ఉన్న పిల్ల. పద్యం రానిది అదే. దాని గుండె ఇంకా గట్టిగ కొట్టుకున్నది. టీచరమ్మ గా పిల్ల దాంక రానే రాలే. కళ్లజోడు సుద్దముక్కల పెట్టెల ఉండె, రంపపు పొట్టు అడుగున. వారం దినాలైనంక గా పిల్ల దాన్ని లంగా కుచ్చిళ్లల్ల దాస్కొని, చాదర్‌ఘాట్ వంతెన మీదికెల్లి మూసీల పడేసింది...'"

"ఆపు. అక్కడ ఆపు టీచరమ్మా. ఆ పెట్టె మాట మళ్లీ పెట్టు."

"నాయనమ్మగారూ, నీళ్లు తాగుతారా? ముఖం అదోలా..."

"సుద్దముక్కల పెట్టె. రంపపు పొట్టు. అరవై రెండేళ్లు ఆ గదంతా వెతుకుతూనే ఉన్నానే తల్లీ, మనసులో. బల్ల కింద, కిటికీ మీద, మంచినీళ్ల కుండ వెనక. పెట్టె తట్టలేదు నాకు. ఒక్కసారీ తట్టలేదు."

"మీరు వెతకడమేంటండీ?"

"తొమ్మిదో పిల్లని నేనే."

"అయ్యో."

"హైందవికి కూడా చెప్పలేదు. ఒక పిల్ల అనే చెప్పాను. నాయనమ్మ దొంగ అనిపించుకుందని పిల్లకెలా చెప్పను? ఏమండీ జెర్లిన్ అమ్మమ్మగారూ. పొట్టు అడుగున ఉన్న సంగతి మీకెవరు చెప్పారు?"

"ఎవలు చెప్తరు? కథ గద. కల్పించిన."

"నల్లదారం కూడా కల్పించారా? గోడవారన వరస కూడా?"

"ఎవలో చెప్తే ఇన్న. యాడనో ఇన్న. యాదికి లేదు."

"ఎవరో అంటే?"

"నన్ను గుచ్చి గుచ్చి అడగకు. నా గుండెకు స్టెంటు ఏసిన్రు. జర కనికరం చూపు, పోనియ్ నన్ను, వసుమతీ..."

"ఆంటీ? నాయనమ్మగారి పేరు నేను మీకు చెప్పలేదే."

"ఎవరూ చెప్పలేదు. వచ్చినప్పట్నించీ ఈ గదిలో నేను హైందవి నాయనమ్మనే. వసుమతి అన్న పేరు ఆ బడి హాజరుపట్టీలోనే ఉండేది. అదీ మూడో తరగతి సగం దాకా."

"వసూ, ఇను..."

"నువ్వెవరు? నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను ఆ రోజు. వరస చివర ఎవరున్నారో చూడలేదు. నువ్వెవరే?"

"అప్పుడు ఎనిమిదేండ్ల పిల్లను. హాస్టల్లకెల్లి ఎల్లగొడితే ఇంటికాడ తిండి లేదు. చెప్దామనే అనుకున్న. రేపు చెప్దాం, రేపు చెప్దామనుకున్న. నువ్వు బడికి రాకపోతివి."

"ఎలా వస్తానే!"

"గందుకే నేను టీచరునైన. ముప్పయి రెండేండ్లు ఏ పిల్ల గుండెకు చెవి పెట్టలే."

"ఇందాక పెట్టావుగా! ఉట్టిగ ఎందుకేడుస్తది అన్నావుగా! రిటైరైనా మానలేదు నువ్వు. టీచరమ్మా, నువ్వేమిటి తల దించుకున్నావు? ఆ పంతులమ్మ చెవి పెట్టింది, నువ్వు కన్ను పెట్టావు. అంతే తేడా."

"నిజమేనండీ. తప్పు నాది. జీరో తీసేస్తున్నాను, ఇదిగో ఇప్పుడే. క్లాసు ముందు హైందవికి సారీ కూడా చెప్తాను."

"చెప్పు. చెప్పాల్సిందే. నీది అక్కడికి చెల్లు. ఈవిడది మిగిలుంది. పిల్లలిద్దర్నీ లోపలికి పిలువు."

"వద్దు వసూ. నీ కాళ్లు పట్టుకుంట. జెర్లిన్ ముంగట వద్దు. అమ్మమ్మ అంటే పానం దానికి. నన్నెట్ల చూస్తది గది?"

"ఆ రోజు క్లాసంతా నన్ను చూసినట్టే. నలభై మంది."

"నువ్వు ఏదడిగితే గదిస్త."

"నా మూడో తరగతి మిగతా సగం ఇస్తావా? ఇవ్వలేవు. ఆ ట్యాబ్ ఆవిడ ముందు పెట్టు టీచరమ్మా. కథ మళ్లీ చెప్పనీ, సరిగ్గా. రికార్డు నొక్కు."

"హైందవీ, జెర్లిన్, లోపలికి రండి. ఆంటీ... ఎర్రచుక్క వెలిగింది. మీ ఇష్టం."

"వరస ఆ రోజు నీ దాకా రాలేదు. ఇవాళ వచ్చింది. కానివ్వు, చెప్పు."

"దగ్గరికి రాండ్రి బిడ్డలూ. ఇంకా దగ్గరికి. ఏడ్వకు హైందవీ, నీ తప్పు ఏం లేదు. జెర్లిన్, నా దిక్కు చూడకున్నా మంచిదే, చెవులొగ్గు. వరుస ఆఖర్ల ఒక పిల్ల ఉండె అని చెప్పిన గద, గా పిల్ల పేరు బెత్సీ. గది నేనే. యాదికుంచుకోండ్రి. ఎవలకన్న ఈ కథ చెప్పేటప్పుడు తొమ్మిదో పిల్ల దొంగ కాదని ముందుగాల చెప్పుండ్రి, ఆ తర్వాత నా పేరు పెట్టి చెప్పుండ్రి."