పైలట్ గారి జాయ్‌స్టిక్ సెట్టింగులు

ఆ బస్సు డ్రైవరుని వీధిలో అందరూ పైలట్ అనే పిలుస్తారు. ఆ పేరు ఎవరో పెట్టింది కాదు. తనే పెట్టుకుని, నలుగురి నోళ్లలో నానేదాకా వదల్లేదు. ఆ సాయంత్రం టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే అది టీ కోసం కాదు. ఎదురుగా ఉన్న గేమ్‌సెంటర్‌లో మన వీధి వాళ్లకీ, పక్కవీధి వాళ్లకీ ఇంకాసేపట్లో యుద్ధవిమానాల ఆట మొదలవుతుంది. మన జట్టులో ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. అందులో ఎవర్ని కూర్చోబెట్టాలో తేల్చాల్సిన సెంటర్ ఓనరు అదే బల్ల చివర టీ ఊదుకుంటున్నాడు. రోజంతా ఒకే రూటులో తిరుగుతూ, చెయ్యెత్తిన ప్రతివాడికీ ఆగే మనిషికి ఆ కుర్చీ ఎంత కావాలో పైలట్‌కే తెలుసు. ఓనరు టీ అయిపోయేలోగా దాన్ని సంపాదించి తీరాలనుకున్నాడు.

“నేనేదో పెద్ద ఘనకార్యం చేశానని కాదులెండి,” అని మొదలుపెట్టాడు, బల్ల చివరిదాకా వినబడేలా. “జాయ్‌స్టిక్ కాస్త సరిచేసుకున్నాను, అంతే. విమానం ఎడమకి లాగుతోంది. బస్సు స్టీరింగు లాగితే ఊరుకుంటామా? సెట్టింగుల్లోకి పోయి చూద్దును కదా, డెడ్‌జోన్ అని ఒకటుంది. అంటే స్టిక్ నడిమధ్యలో కొంచెం అటూ ఇటూ కదిలినా విమానం పట్టించుకోదన్నమాట. చెయ్యి వణికేవాళ్లు దాన్ని పెంచుకుంటారు. నేను తీసుకెళ్లి సున్నా చేసేశాను.”

“సున్నానా?” అన్నాడు పక్కనే కూర్చున్న సెలూన్ ఆయన.

“సున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేలు ఆనిస్తే చాలు, విమానం పల్టీ కొట్టేది. స్టిక్ మీద ఈగ వాలింది, విమానం కుడికి తిరిగింది. ఈగ కాళ్లు రుద్దుకుంది, ముక్కు పైకి లేచింది. ఈగని తోలుదామా అంటే విమానం తలకిందులైపోతుంది. ఏం చేస్తాం, కాసేపు దాన్నే నడపనిచ్చాను. మలుపులు బాగానే తిప్పింది.”

“లైసెన్సు అడగలేకపోయావా?” అన్నాడు టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ.

“నవ్వండి, నవ్వుతారనే ఇంతసేపూ చెప్పలేదు. ఈగ పోయాక సెన్సిటివిటీ చివరంటా తోశాను. ఇక చూస్కోండి, ఊపిరి పీలిస్తే పైకి, వదిలితే కిందికి. ఊపిరి బిగబట్టి పోతున్నాను, ఎదురుగా శత్రువులు. ఒకరా ఇద్దరా, తెర మీద ఆకాశం కనపడితే ఒట్టు. సరిగ్గా అప్పుడే తుమ్మొచ్చింది. ఆ తుమ్ముకి విమానం గిర్రున బొంగరంలా తిరుగుతూ వాళ్ల మధ్యలోంచి పోయింది, పోతూ పోతూ అందర్నీ ఊడ్చేసింది.”

సెలూన్ ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. బల్లకి ఇంకో చివర, టైలరు పని చేసే పైలట్ వదిన ఎవరిదో కోటుకి గుండీలు కుడుతోంది. ఆవిడ నవ్వలేదు, తలెత్తనూ లేదు. నవ్వని మనిషి ఒక్కరున్నా పైలట్‌కి పంతం పెరుగుతుంది. పైగా ఓనరు గ్లాసులో టీ అడుగంటుతోంది. ఇక లాభం లేదని గొంతు సవరించుకున్నాడు.

“అందరూ పోగా ఒక్క ఎర్ర తోక విమానం మిగిలింది. నిన్న మధ్యాహ్నం సంగతే ఇది. నడిపేది ఎవరో తెలీదు గానీ మహా ముదురు. నేను దాని వెనకబడ్డాను. అది మబ్బుల్లో దూరింది, నేనూ దూరాను. అది వానలో దూరింది, నేనూ దూరాను. బయటికొచ్చి చూసుకుంటే చొక్కా తడిసిపోయింది.”

“చెమటేమో,” అన్నాడు సెలూన్ ఆయన.

“చెమట పిండితే గ్లాసు నిండుతుందా? సరే వినండి. వేగం ఎంతకి పెరిగిందంటే, నా విమానం తెర దాటి పోయింది. తెర మీద లేదు, టేబుల్ కింద లేదు. కిటికీలోంచి చూస్తే మేడ మీద చక్కర్లు కొడుతోంది. లోపల నేను స్టిక్ తిప్పుతుంటే బయట అది తిరుగుతోంది. ఆ గాలికి డాబాల మీద ఆరేసిన బట్టలు ఒకరింటివి ఒకరింట్లో పడ్డాయి. మెల్లిగా దాన్ని కిటికీలోంచి లోపలికి తెచ్చి, మళ్లీ తెరలోకెక్కించి, ఎర్ర తోక వెనకాల నిలబెట్టి, ట్రిగ్గర్ ఒకటే నొక్కుడు. తుక్కు తుక్కు. ఆ నడిపినవాడెవడో ఈ జన్మలో మళ్లీ స్టిక్ ముట్టుకోడు.”

ఓనరు ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి పైలట్ వంక చూశాడు. ఆ చూపులో పైలట్‌కి కుర్చీ కనిపించింది.

వదిన పళ్లతో దారం తెంపింది. “మరిదీ, ఆ ఎర్ర తోక నాది,” అంది.

సెలూన్ ఆయన ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాడు.

“నువ్వు నా వెనకాల వచ్చిన మాట నిజమే. నా పని అయిపోయిందనే అనుకున్నాను. వచ్చి ఏం చేశావు? చక్రాలు దించావు. ఎత్తావు. మళ్లీ దించావు. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా నీకు చక్రాలే బయటికొచ్చాయి నాయనా. అవన్నీ మార్చినవాడివి, ట్రిగ్గర్‌కి తుపాకీ కలిసిందో లేదో చూసుకోవద్దూ? దిగడానికి చోటు వెతుక్కుంటున్నాడు పాపం అని నేనూ కాల్చలేదు. చివరికి నువ్వే వెళ్లి కొండని గుద్దావు.”

టీకొట్టాయన గ్లాసులు వదిలేసి మరీ నవ్వాడు. పైలట్‌కి మాత్రం నిన్నటి ఆట కళ్ల ముందు తిరిగింది. నొక్కినప్పుడల్లా ఏదో గరగరమన్నది. అది తుపాకీ చప్పుడని నిన్నంతా ఎంత సంబరపడ్డాడో తలుచుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“అయితే కుర్చీ మీదేనమ్మా,” అన్నాడు ఓనరు లేస్తూ. ఆవిడ కోటు మడిచి సంచిలో పెట్టుకుని నడిచింది. పైలట్ ఒక్క క్షణం కూర్చుని, దిగ్గున లేచి వెనకాలే వెళ్లాడు. ఇవాళ కాకపోతే ఇంకో ఆటకైనా ఆ కుర్చీ ఎక్కకుండా ఊరుకునే ఉద్దేశం అతనికి లేదు.

“వదినా, ఆ తుపాకీ ఎక్కడ కలపాలో చూపిస్తావా?”

“ఆటయ్యాక చూపిస్తాను. అందాకా నా కుర్చీ పక్కన నిలబడి, నా వెనకాల ఎవరైనా వస్తే చెబుతూ ఉండు,” అంది వదిన. “ఎంతమంది వస్తే అంతమందినే చెప్పు.”