ఆర్గాన్ ముందా, పొటాషియం ముందా?

హలో… ఆ, నేనే. నేనేనండీ, బడి నుంచి. కెమిస్ట్రీ మాస్టారిని… ఆ, ఆ, అరిచే మాస్టారినే. గొంతు వినగానే పట్టేశారే!… లేదన్నా, అరవట్లేదు, ఇది నా మామూలు గొంతే. మా ఆవిడా అదే అంటుంది, మీకు ఫోనెందుకు, కిటికీ తీసి మాట్లాడితే చాలదా అని…

పాత సామాను కొట్టేగా?… పాప వాళ్ళ నాన్నగారేనా?… వెనకాల ఆ చప్పుడేంటి, ఇనుము దించుతున్నారా?… దించుకోండి, దించుకోండి, ఆగుతాను. తొందరేం లేదు…

ఉంది. తొందరుంది. అయినా ఆగుతాను.

…

ఆ, ఇప్పుడు వినపడుతోంది. అమ్మాయి ఇంట్లోనే ఉందా అన్నా?… హమ్మయ్య… జ్వరమా? జ్వరమని చెప్పిందా?… మంగళవారం సాయంత్రం నుంచి. అవును, నా హాజరు పట్టీలోనూ అంతే, బుధవారం నుంచి రాలేదు… మరి ఒళ్ళు చూశారా?… చల్లగానే ఉందా.

…జ్వరం కాదన్నా అది.

వద్దు, వద్దు, డాక్టరక్కర్లేదు… ఏంటీ? రేపు పరీక్ష కూడా రాయనందా?… చదువు మానేసి కొట్లో కూర్చుని రాగి తీగలు ఒలుస్తానందా…

వినండన్నా. రేపు తొమ్మిదింటికి కెమిస్ట్రీ. అది రాయకపోతే పై క్లాసులో సైన్సు ఇవ్వరు. ఆ పిల్లకి సైన్సు ఇవ్వకపోతే ఇంకెవరికిస్తారు, మా లెక్కల మాస్టారికా?… నవ్వకండి. దయచేసి మీరు నవ్వకండి. ఇది నవ్వే విషయం కాదు. నవ్వించడం నా రోగం, మీ అమ్మాయి జ్వరానికి కారణం కూడా అదే. ఆ ముక్క చెప్పడానికే ఫోను చేశాను.

ఎలా చెప్పాలో… మంగళవారం రివిజన్ పెట్టాను. పరమాణు నిర్మాణం, ఆవర్తన పట్టిక… పట్టికంటే, గోడ మీద గళ్ళు గళ్ళుగా వేలాడుతుంది చూడండి, ఒక్కో గడిలో ఒక్కో మూలకం… ఆ, మీ కొట్లో అరల్లాగే! రాగికో అర, సీసానికో అర, ఇత్తడికో… ఇత్తడి మూలకం కాదన్నా, అది రాగీ జింకూ కలిసిన… మీకు తెలుసా? పాప చెప్పిందా?

…చెప్తుంది. ఎందుకు చెప్పదు.

నేను ఎప్పట్లాగే మొదలెట్టాను. ప్రోటానుకి ధనావేశం, ఎలక్ట్రానుకి రుణావేశం, మీ మాస్టారికి ఒట్టి ఆవేశం అన్నాను. నవ్వారు. జడవాయువులంటే జడలేసుకున్నవి కాదర్రా, ఎవరితోనూ జట్టు కట్టనివి అన్నాను. మళ్ళీ నవ్వారు. పిల్లలు నవ్వితే నాకు పూనకమొస్తుంది, ఇంక ముందూ వెనకా కనపడదు. ఆ ఊపులో నా పాత నోట్సు తెరిచి గడగడా చదివేశాను. 'మూలకాలన్నీ బరువు పెరిగే వరుసలో ఉంటాయి' అని.

మొదటి బెంచీలోంచి మీ అమ్మాయి చెయ్యెత్తింది. 'సార్, ఆర్గాన్ దాదాపు నలభై ఉంది, పొటాషియం ముప్పైతొమ్మిదే ఉంది. బరువైనది ముందెలా వచ్చింది?' అని…

కదా! మీకే వెంటనే అర్థమైంది చూశారా. బరువు వరుసైతే ఆర్గాన్ వెనక్కి పోవాలి. పోలేదు. ఎందుకంటే అది బరువు వరుస కాదన్నా. లోపల ప్రోటాన్లు ఎన్నున్నాయో ఆ లెక్క. ఆర్గాన్‌కి పద్దెనిమిది, పొటాషియానికి పంతొమ్మిది. బరువు వరుసన్నది వెనకటివాళ్ళు, ఆ ప్రోటాన్ల సంగతి తెలియని రోజుల్లో, పేర్చుకున్న పద్ధతి.

…తెలుసన్నా. నాకెందుకు తెలీదు? ఇరవై మూడేళ్ళుగా చెప్తున్నాను. నోట్సులో ఆ పేజీలో పాతది ఉంటుంది, పేజీ తిప్పితే కొత్తది ఉంటుంది. నేను పేజీ తిప్పలేదు. పొరపాటే. అంతవరకూ ఒట్టి పొరపాటే.

కానీ నలభై మంది ముందు ఓ పిల్ల నన్ను పట్టేసుకుంది. అవునమ్మా తప్పు చదివాను అంటే సరిపోయేది. అది నోట్లోంచి రాలేదు. వచ్చింది ఇంకోటి… నేనేమన్నానో పాప మీకు చెప్పలేదా?… ఒక్క ముక్క కూడా?

…

'ఏ కాటా మీద తూచావమ్మా, మీ నాన్న కాటా మీదేనా? దాని మీద ఏది పెట్టినా తక్కువే తూగుతుందిలే' అన్నాను.

…

…అన్నా?

…ఎప్పుడైనా తక్కువ తూచానా అంటారా?

…లేదు. మీరు ఎవరికీ తక్కువ తూచలేదు. నాకు తెలుసు. మా బడి విరిగిన బెంచీలు తీసుకెళ్ళినప్పుడు నా కళ్ళ ముందే రెండుసార్లు తూచారు. తెలిసే అన్నాను. నవ్వుతారని అన్నాను… నవ్వారు. బల్లలు చరిచి మరీ నవ్వారు. పాప పెన్ను మూత పెట్టింది, పుస్తకం మూసింది, కూర్చుంది. అప్పట్నుంచీ పిల్లలు తనని 'కాటా' అని పిలుస్తున్నారట. ఆ సంగతి నాకు నిన్ననే తెలిసింది.

…తిట్టండన్నా. తిట్టినా బాగుంటుంది…

ఇన్నాళ్ళూ ఫోను ఎందుకు చెయ్యలేదంటే… చిన్నపిల్ల, అలిగింది, అదే వస్తుందిలే అనుకున్నాను. నిన్న మాదిరి పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ముప్పై ఎనిమిది మంది ఒకటే తప్పు రాశారు. బరువు వరుస, బరువు వరుస, బరువు వరుస! వెధవలు కాపీ కొట్టారు, ఎవర్ని చూసి కొట్టారా అని పేపర్లన్నీ పక్కపక్కన పెట్టి వెతికాను. అరగంట వెతికానన్నా…

నన్ను చూసి కొట్టారు.

…ఆ. ఒక్కసారి పాపకివ్వండి… బలవంతం వద్దు. అడిగి చూడండి చాలు.

…

లెక్కల మాస్టారూ, ఆ ఫ్యానొకసారి ఆపరూ… మీది కాదండీ, మీ గురక కాదు, ఫ్యాను…

…

అమ్మా… ఆ, నేనేనమ్మా. జ్వరమెలా… సరే. అడగను.

తప్పు నాది. పాఠంలో ఒకటి, మాటలో ఒకటి… మొదటిది పుస్తకంలో సరిగ్గానే ఉందా. అవును. రెండోదే… అవునమ్మా. ఆవర్తన పట్టిక చెప్పేవాడికి ప్రవర్తన పట్టిక ఒకటి…

…సరే. సరే తల్లీ. జోకులు వెయ్యను. నోటికి అలవాటైపోయింది, నేను పిలవకుండానే వచ్చేస్తాయి.

ఏంటీ?… ఇక్కడా? స్టాఫ్ రూములో ఉన్నాను. ఎవరూ లేరు. లెక్కల మాస్టారున్నారు, ఆయన ఉన్నా లేనట్టే…

…

నిజమే. అన్నది నలభై మందిలో. చెప్పుకునేది చెవిలో.

…

నువ్వన్నది కాదమ్మా తప్పు, నువ్వన్నది సరైందే. నాకే కాళ్ళు రావట్లేదు. ఉండు. కట్ చెయ్యకు. ఆఖరి రివిజన్ ఇప్పుడే, బెల్లు కొట్టి ఐదు నిమిషాలైంది, అందరూ కూర్చుని ఉంటారు… నడుస్తున్నాను. ఆ చప్పుడు మెట్లది… ఆయాసం నాది. రెండో అంతస్తు కదా… భయమా? ఉంది. ఇరవై మూడేళ్ళలో జోకు లేకుండా ఆ గుమ్మం దాటలేదమ్మా నేను.

వచ్చేశా. ఉన్నావుగా?… ఉండు.

కూర్చోండి. కూర్చోండర్రా… ఫోనే. మీ క్లాసమ్మాయి లైన్లో ఉంది… ఎవర్రా 'కాటా' అన్నది?… లేవక్కర్లేదు, కూర్చో. ఆ మాట నీది కాదు, నా దగ్గర నేర్చుకున్నావు. స్పీకరు పెడుతున్నాను. గుసగుసలు ఆపండి, అటువైపు వినపడతాయి.

పుస్తకాలు తియ్యండి. మంగళవారం పేజీ. 'బరువు' అన్న మాట కొట్టెయ్యండి. ఒక్క గీత కాదు, రెండు. నేను తప్పు చదివాను. అది తప్పని ఈ గదిలో ఒక్కరికే తెలిసింది. ఆ ఒక్కరిని నేను వెక్కిరించాను, వాళ్ళ నాన్నగారి పనిని కూడా లాగి వెక్కిరించాను. ఆయన కాటా సరిగ్గానే తూగుతుంది. మీరు నవ్వారు. మీరు నవ్వాలనే అన్నాను కాబట్టి ఆ నవ్వు కూడా నాదే…

నవ్వకు. ఇది జోకు కాదు.

…అవునురా, మాస్టారు క్షమాపణ చెప్తున్నాడు. మాస్టార్లు కూడా చెప్తారు. ఇవాళ్టి నుంచి.

అమ్మా, వినపడుతోందా?… వీళ్ళు రేపు పరీక్షలో తప్పు రాయకుండా ఆ లెక్క నువ్వు చెప్పాలి. ఇవాళ నా మాట మీద వీళ్ళకి నమ్మకం ఉండకూడదు… చెప్పకపోయినా తప్పు లేదమ్మా. నువ్వు…

ఏంటీ?… ష్! ఎవరూ మాట్లాడకండి… ఆ. ఆర్గాన్ పద్దెనిమిది. రాసుకోండి… పొటాషియం పంతొమ్మిది. మెల్లగా తల్లీ, వెనక బెంచీవాళ్ళు వెనకబడ్డారు… ప్రోటాన్ల లెక్కే వరుస. బరువు ఒక్కోసారి అటూ ఇటూ అవుతుంది, లెక్క అవదు. బోర్డు మీద వేస్తున్నాను, నువ్వన్నట్టే వేస్తున్నాను…

ఆ?… హాల్ టికెట్టా? ఉందమ్మా, నా దగ్గరే ఉంది. అందరివీ ఇచ్చేశాను, నీదొక్కటే మిగిలింది. నేనే తెచ్చివ్వనా?… వద్దా… నువ్వే వస్తావా? ఇప్పుడే? నాన్నగారు దింపుతానన్నారా…

…

నేను నీతో మాట్లాడకూడదా?

…సరే. మాట్లాడను. ఒక్క మాట కూడా. టికెట్టు బల్ల మీద పెట్టి, బోర్డు వైపు తిరిగి నిలబడతాను. నువ్వు తీసుకుని నీ చోట్లో నువ్వు కూర్చో… ఆ, అలాగే. అలాగేనమ్మా, జాగ్రత్తగా…

హలో?… హలో?

…పెట్టేసింది.

ఏంట్రా అలా చూస్తారు? ఆ మొదటి బెంచీ మీద సంచులు తియ్యండి.